అయస్కాంతానికి అంటని పొడి

"నల్లగా పోసిన పొడి ఎర్రగా ఎట్లయిందన్నా? ఏం కలిపినావు దీంట్లో?"

కోలారులోని ఆ కాలేజీ ల్యాబ్‌లో మధుర అరుపుకు విద్యార్థులందరూ తలలు తిప్పారు. ఆమె చేతిలో సీసా ఉంది. పక్కన అయస్కాంతం పెడితే చటుక్కున ఎగిరి అతుక్కోవలసిన ఐరన్ ఆక్సైడ్ పొడి బద్ధకంగా కదిలింది, అంతే.

స్టీలు గుండ్లతో పొడిని ఇంకా మెత్తగా చితక్కొట్టే యంత్రాన్ని బాల్ మిల్లు అంటారు. దాన్ని నడిపి, పొడి తీసి సీసాకెత్తే పని అటెండర్ సొన్నప్పది. పరిశోధన మధురది. తప్పు ఎవరిదో ఆమెకు క్షణంలో తెలిసిపోయింది. పెద్ద చదువుల్లో అదొక సౌకర్యం.

సొన్నప్ప తల దించుకుని బయటికి నడిచాడు. మర్నాటి నుంచి పనికి రావడం మానేశాడు.

మధుర మళ్లీ నల్లపొడి పోసి, ఈసారి తానే మిల్లు పక్కన కూర్చుంది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. గంటల తరబడి తిరిగాక మూత తీసింది. పొడి ఎర్రబారి ఉంది. అయస్కాంతం పెడితే మళ్లీ అదే బద్ధకం.

గుండ్ల దెబ్బలకు రేణువులు నలిగిపోతాయి. గాలి తగిలి పొడి మారుతుంది. అయస్కాంత గుణం తగ్గుతుంది. ఇదంతా ఆమె చదివిందే. అయినా అందరి ముందూ ఒక పెద్దమనిషిని మోసగాణ్ణి చేసింది. సిగ్గుతో ఆమెకు ఆ రోజు అన్నం సహించలేదు.

ఆదివారం బస్సెక్కి ఆండర్సన్‌పేటలో సొన్నప్ప ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. అతని భార్య చిన్నక్క తలుపు తీసింది.

"ఆ పొద్దు నుంచీ ఈయప్ప ఎవురితోనూ మాట్లాడలేదమ్మా. కూడు గూడా సరిగ్గా తినేది లేదు. ఏమైనాదో నువ్వన్నా చెప్పు."

సొన్నప్ప మంచం మీంచి లేచి నిలబడ్డాడు. మధుర చేతులు జోడించింది.

"తప్పు నాదన్నా. మిల్లులో పడితే ఆ పొడి అట్లే మారుతుంది. తెలిసి కూడా నీ మీద నింద వేసినాను. అందరి ముందరా తప్పయిందని చెప్తాను. రేపు పనికి రా."

"వద్దమ్మా." అతను చూపు తిప్పుకున్నాడు. "నాకు ఆడికి వచ్చే మొకం లేదు."

"నువ్వెందుకన్నా సిగ్గుపడేది? సిగ్గుపడాల్సింది నేను."

చిన్నక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నా మొగుడు అట్లాంటోడు కాదని నాకు తెలుసమ్మా. ఇంగ కాఫీ తాగి పో."

కాఫీ తాగి, మనసు కాస్త తేలికపడి, మధుర లేచింది. సొన్నప్ప గుమ్మం దాకా వచ్చి ఏదో చెప్పబోయాడు. వెనక నిలబడ్డ భార్యను చూసి ఆగిపోయాడు.

ఆ రోజు సీసా చెయ్యి జారి, మిల్లులోంచి ఎర్రబారి వచ్చిన పొడి సగం నేలపాలైతే, గచ్చుకు రంగేసే రెడ్ ఆక్సైడ్ తెచ్చి కలిపి, ఎవరికీ తెలియకుండా సీసా నింపింది నిజంగా సొన్నప్పే.