కల్లు దొంగ కడుపు

ఉరియం కంటే ముందు అతని కోపం పుట్టిందని మా దీవిలో అందరూ అంటారు.

ఆ తెల్లవారుజామున అతను తన బావమరిది టెబానోని జుట్టు పట్టుకుని ఇసుకలో ఈడ్చుకొచ్చాడు. టెబానో ముక్కు పగిలింది. ఒక కన్ను మూసుకుపోయింది. నడుముకి కట్టుకున్న కొబ్బరి బుర్రలో సగం కల్లు ఇంకా ఉంది.

“దొరికాడు దొంగ! నా చెట్టు మీదే దొరికాడు!”

ఆ అరుపుకి చుట్టుపక్కల గుడిసెలన్నీ ఖాళీ అయ్యాయి.

మా కిరిబాటి దీవుల్లో ఎవడి చెట్టు వాడిదే. ఇంకొకడి చెట్టెక్కి కల్లు దించడమంటే వాణ్ణి నలుగురిలో చెంపదెబ్బ కొట్టడమే. పైగా ఓడ రాక నెలలైంది. కొట్లో పంచదార లేదు, ఈస్టు పొడి లేదు, సబ్బు లేదు. కాస్త పిండీ, చెట్టు మీది కల్లూ తప్ప దిక్కులేదు. అలాంటి రోజుల్లో ఉరియం కట్టిన బుర్రలు పొద్దున్నే వెలితిగా కనిపించసాగాయి. ఇంట్లోవాళ్ళకే చుక్క పొయ్యని మనిషి, ఊరుకుంటాడా?

అంతకుముందే ఒకరోజు, ఊరి పెద్దలంతా సభ జరిగే మనేయబా కప్పు కింద చాపలు పరుచుకుని కూర్చున్నప్పుడు, చచ్చిపోయిన తండ్రి మీద ఒట్టేశాడు.

“నా కల్లు ఎవడి కడుపులోకి పోతోందో, ఆ కడుపు చీలుస్తా!”

అక్కడ వేసిన ఒట్టుకి తిరుగులేదు. పెద్దలు కూడా అడ్డురారు.

ఇప్పుడు టెబానోని తన గుడిసె గుంజకి కట్టేశాడు. డొక్కలో తన్నాడు. ఎముక విరిగిన చప్పుడు బయటికే వినిపించింది.

“తాగావా? అమ్ముకున్నావా? చెప్పరా!”

టెబానో తన అక్క మెరేటా వైపు చూసి తల దించుకున్నాడు.

“చచ్చిపోతాడయ్యా! నీ పెళ్ళాం తోడబుట్టినవాడు,” అంది పక్కింటి ముసలమ్మ.

“నా కల్లు తాగేటప్పుడు గుర్తులేదా వాడికి, నేను బావనని?”

మెరేటా, పాత ఇనప పీపాతో చేసిన రొట్టెల పొయ్యి దగ్గర బిగుసుకుపోయి నిలబడింది. ఆమె ఎడమ మణికట్టు వంకర. ఒకసారి రొట్టె అట్టలా వచ్చిందని మొగుడు విరిచిన చెయ్యి అది. “రొట్టె పొంగని రోజున నీ మొహం పొంగుతుంది” అని ఇప్పటికీ నవ్వుతూ గుర్తుచేస్తుంటాడు. పాపిష్టి నవ్వు.

“ముందు తిండి పెట్టవే. వీడెక్కడికీ పోడు.”

ఆమె వేడి రొట్టె తెచ్చి ముందు పెట్టింది. ఉరియం దాన్ని చీల్చి, ఆవిరి పోతుండగా అందరికీ చూపించాడు.

“చూడండి! ఓడ వచ్చినా రాకపోయినా నా పెళ్ళాం రొట్టె దూదే. దీని తమ్ముడే ఎందుకూ పనికిరాని వెధవ.”

చివరి తునక దాకా తిన్నాడు. వేళ్ళు నాకాడు. తర్వాత కల్లుగీత కత్తి తీసి తొడకి తుడుచుకుని లేచాడు.

కత్తి మొన టెబానో బొడ్డు దగ్గర ఆగింది. చర్మం చిట్లి నెత్తురు కారింది. ముసలమ్మ కళ్ళు మూసుకుంది. ఒట్టు ఒట్టే, ఎవరూ కదల్లేదు.

మెరేటా కదిలింది. ఇద్దరి మధ్యకీ వచ్చి, ఆ వంకర చేత్తోనే కత్తి అంచు పట్టుకుంది. వేళ్ళు తెగి నెత్తురు ధారకట్టినా వదల్లేదు. మొనని మెల్లగా మొగుడి పొట్ట వైపు తిప్పి, అందరికీ వినపడేలా అంది.

“ఒట్టు తప్పకు, కానీ చీల్చాల్సింది ఈ కడుపు, ఈస్టు పొడి అయిపోయినప్పటి నుంచీ నీ రొట్టెని పొంగిస్తున్నది నా తమ్ముడు దించుకొచ్చే నీ కల్లే.”