సిలువ మీద ఎర్ర చుక్క

ప్రేమ్ కుమార్‌కి భార్య మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆ మనిషికి మెచ్చుకోవడం చేతకాదు. గుడివాడ మార్కెట్లో ఎండకి నిలబడి ఒక్కోటీ ఏరి టొమాటోలు తెస్తే, సంచీ బోర్లించి, "ఇవాళా పచ్చివే తెచ్చారూ! కొట్టువాడు మీకోసమని దాచిపెడతాడేమో" అంటుంది. పండినవే తెచ్చానని ఎంత మొత్తుకున్నా నమ్మదు.

ఆ సాయంత్రం పెరటి మెట్ల మీద కత్తిపీట వేసుకుని ఆ టొమాటోలనే తరుగుతోంది రెబెకా. ఎదురుగా రేకుల షెడ్డు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ప్రేమ్ కుమార్ తన లేజర్‌కి ఆఖరి వైర్లు అతికిస్తున్నాడు. ఇంట్లో కంప్యూటర్ డీవీడీ రైటర్ విప్పి, అందులోంచి మెంతిగింజంత లేజర్ ముక్క పీకి, పాత టార్చిలైటు గొట్టంలో బిగించాడు. క్రిస్మస్ ఆరాధనకి జనమంతా చేరాక, ఇక్కడ పెరట్లోంచి గురిపెట్టి, కాలవ అవతల చర్చి గోపురం మీది తెల్ల సిలువకి ఎర్ర చుక్క పెట్టాలని ఆయన సంకల్పం. సంఘపెద్ద మత్తయిగారికి మాట కూడా ఇచ్చేశాడు. రేపు ఆయన చూడ్డానికి వస్తున్నారు.

"మీరు అతికించేది నల్ల వైరండీ. ఎర్రది మీ మోకాలి మీదుంది" అంది రెబెకా తలెత్తకుండానే.

"నాకు తెలుసులే. షెడ్డులో వెలుతురు తక్కువ."

"మీరు కూర్చుంది గుమ్మంలో."

ప్రేమ్ కుమార్ ఆ మాట వినిపించుకోలేదు. వైరు మాత్రం మార్చాడు.

"ఆ రైటర్లో మా అమ్మ పాటల సీడీ ఉందని చెప్పానా, లేదా?" అంది మళ్ళీ.

"విప్పేటప్పుడు ఇరిగింది. కావాలని ఇరగ్గొట్టానా? ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఇంకోటి ఉంటుందిలేవే."

"ఎవరి దగ్గరుంటుంది? అమ్మనడిగి రానా?"

రెబెకా తల్లి మార్తమ్మగారు పోయి ఏడాది కాలేదు. చర్చిలో ఆవిడ పాడినవన్నీ ఎక్కించింది ఆ ఒక్క సీడీ మీదే. ప్రేమ్ కుమార్‌కి ఉన్నట్టుండి స్క్రూడ్రైవర్ వెతుక్కోవాల్సిన పని పడింది.

పొద్దు వాలుతుండగా లేజర్ పట్టుకుని లేచాడు. గోపురానికి గురిపెట్టి మీట నొక్కాడు. సిలువ ఎప్పటిలా తెల్లగా ఉంది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఏమీ లేదు.

"నీకేమైనా కనిపిస్తోందా?"

రెబెకా కత్తిపీట మీంచి లేచి, కొంగుతో చేతులు తుడుచుకుని, గోపురం కేసి చాలాసేపు చూసింది.

"కాకి వాలిందండీ."

"కాకి కాదే! ఎర్ర చుక్క."

"చుక్కా లేదు, గిక్కా లేదు."

గొట్టం వెనక, వెలుగు పెంచే మర కొంచెం బిగించాడు. "ఇప్పుడో?"

"కాకి లేచిపోయింది."

ఇంకా బిగించాడు. గొట్టం చెయ్యి కాలేటంత వేడెక్కింది. "ఇప్పుడు?"

"లేదండీ. ఇంక ఆ పని మానెయ్యండి. మత్తయిగారికి నేను చెప్తాలెండి."

మానెయ్యమంటే ప్రేమ్ కుమార్‌కి పౌరుషం వచ్చింది. అసలిది వెలుగుతోందా, చచ్చిందా? మామూలు టార్చి వెలక్కపోతే ఏం చేస్తాం? మూతి ఇటు తిప్పుకుని చూసుకుంటాం. ఆయనా అదే చేశాడు.

"ఏవండీ, వద్దు!" అని రెబెకా పెట్టిన కేకకి కాలవ గట్టు మీది బాతులు కూడా బెదిరిపోయాయి.

కుడికంట్లో పచ్చటి మెరుపు మెరిసింది. నొప్పేం లేదు. అయితే పరుగెత్తుకొచ్చిన రెబెకా మొహం ఉండాల్సిన చోట ఆ కంటికి నల్లటి మచ్చ కనిపించింది. ఎంత నులుముకున్నా అది పోలేదు.

మర్నాడు పొద్దున్నే బందరు బస్సెక్కారు. కంటి డాక్టర్ కోదండరామయ్యగారు లైటు వేసి చూసి, నిట్టూర్చారు.

"నడిమధ్యన కాలిందండీ. ఈ కంటికి ఎదురుగా ఉన్న మనిషి మొహం ఇక కనపడదు. ఇంత చదువుకున్నారు, వెలుగుతున్నదాన్ని ఎలా చూశారు?"

"వెలగట్లేదనుకున్నానండీ."

డాక్టరుగారు ఓ నిమిషం ఆలోచించి, సొరుగులోంచి ఓ పుస్తకం తీశారు. పేజీ నిండా రంగురంగుల చుక్కలు.

"బాగున్న కంటితో చూసి, ఇందులో అంకె ఎంతో చెప్పండి."

"అంకెక్కడుందండీ? అన్నీ చుక్కలే కదా."

"అదీ సంగతి. మీకు పుట్టుకతోనే ఎరుపు సరిగా ఆనదు. అది భేషుగ్గా వెలిగే ఉంటుంది, మీ కంటికే తెలియలేదు."

ప్రేమ్ కుమార్‌కి టొమాటోలు గుర్తొచ్చాయి. వైర్లు గుర్తొచ్చాయి. అయినా తల అడ్డంగా ఊపాడు.

"నేనొప్పుకోనండీ. నాకు ఎరుపు ఆనకపోతే పోయింది. మా ఆవిడవి గద్దకళ్ళు, తనక్కూడా కనపడలేదే! మూడుసార్లడిగాను. అది వెలిగి ఉంటే తను చెప్పదా?"

"అయితే ఆవిణ్ణీ చూద్దాం" అని డాక్టరుగారు పుస్తకం రెబెకా వైపు తిప్పారు. "ఏదమ్మా, నీకేమైనా కనిపిస్తోందా?"

రెబెకా పుస్తకం వైపు ఒక్కసారే చూసింది. ఆ తర్వాత భర్త కుడికన్ను చూసింది. ఆయన ఆమె మొహాన్ని చూడ్డానికి తలని ఓ పక్కకి వంచి వెతుక్కుంటున్నాడు.

"ఇదీ కనిపిస్తోందండీ. నిన్న సిలువ మీద మొదటిసారి పడ్డప్పుడే ఆ చుక్కా కనిపించింది" అంది. "అమ్మ సీడీ ఇరిగిందన్న కోపంలో లేదన్నాను. తప్పు నాదే."