తలుపు దగ్గరి రాయి

మా ఆన్‌లైన్ ఆటలో నేను కట్టిన గుహ అది. ఐదుగురు కలిసి వెళ్తారు. ఒకరు బయట రాయి మీద నిలబడితేనే తలుపు తెరుచుకుంటుంది. మిగతా నలుగురే లోపల రాక్షసుడితో తలపడతారు. ఆడినప్పుడల్లా నిలబడే మనిషి మారితే ఆట కొత్తగా ఉంటుందనుకున్నాను.

ఒక జట్టు ఆడిన రెండువందల పన్నెండుసార్లూ ‘తడినత్త’ అనేవాడే నిలబడ్డాడు. ఆ లెక్క చూసినప్పటి నుంచి పాంగ్యో ఊళ్ళోని మా ఆఫీసంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

“దోయల్ గారూ, నోరులేనివాడు దొరికాడని కాపలా పెట్టేశారండీ!” అన్నాను.

మా లీడర్ దోయల్ కాఫీలోని ఐసుముక్క పటపటా నమిలాడు. “హైస్కూల్లో మూడేళ్ళు నేనూ అందరి సంచులూ మోశానయ్యా. వరసగా రెండోసారి అదే మనిషిని ఆ రాయి ఒప్పుకోకుండా చేసెయ్.”

గురువారం మార్చేశాను. సాయంత్రం తడినత్త మొట్టమొదటిసారి తలుపు దాటుతుంటే, తెర ముందు మేమిద్దరం ఈలలు వేశాం.

శుక్రవారం అతని ఉత్తరం వచ్చింది.

“నా ఒంట్లో కదిలేది కుడిచేతి చూపుడువేలొక్కటే. రాయి ఎక్కడానికి అది చాలేది. నిన్న నా వల్ల మావాళ్ళు తొమ్మిది ఆటలు ఓడారు. ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. నా రాయి నాకిచ్చెయ్యండి.”