రెండు కిలోల తేడా

"చూశావా, చూశావా! మళ్ళీ మొదలైంది," అన్నాడు తండ్రి, చేతి గడియారం మీద వేలు పెట్టి. "సరిగ్గా పంతొమ్మిదో నిమిషం."

అప్పటిదాకా తెర మీద చెలరేగిపోయిన సైనికుడు ఉన్నట్టుండి బురదలో దిగబడ్డట్టు ఆగి ఆగి కదిలాడు. కూతురు పళ్ళు బిగబట్టి కీబోర్డు మీద వేళ్ళు టకటకలాడించింది. లాభం లేకపోయింది. సైనికుడు చచ్చాడు.

"చెయ్యి పెట్టి చూడు, పెనంలా కాలుతోంది. సన్నగా ఉందని మురిసిపోతే ఇదే గతి. లోపల గాలి ఆడే చోటేదీ? వేడెక్కిపోతే అదేం చేస్తుంది పాపం, వేగం తగ్గించుకుని ప్రాణం కాపాడుకుంటుంది."

అది అతని లాప్‌టాప్ రిపేరు దుకాణం. బల్ల మీద అతను బాగుచేసి పెట్టిన లాప్‌టాప్‌లు రెండున్నాయి. ఒకటి సన్నది, ఒకటి మందంది. లోపలి సరుకు రెండిట్లోనూ ఒకటే. కూతురి పాతది మొన్న పూర్తిగా మూలపడింది. రేపు ఆదివారం ఆమెకు ఎంపిక మ్యాచ్. ఆన్‌లైన్‌లో నలభై నిమిషాలు ఆడాలి. గెలిస్తే జట్టులోకి తీసుకుంటారు. రెండేళ్ళుగా ఆ పిల్ల దీని కోసమే కళ్ళలో వత్తులేసుకుని చూస్తోంది.

"ఆరులోపు ఒకాయన వస్తాడు. నువ్వు వద్దన్నది పట్టుకుపోతాడు. తర్వాత ఏడ్చినా తిరిగి రాదు. త్వరగా తేల్చు."

"తేల్చేశాగా. సన్నదే."

"ఒసే మిడతా!" కీబోర్డు మీద ఆమె వేళ్ళు ఎగిరే తీరు చూసి అతను పెట్టిన పేరది. "పొద్దున మందందాని మీద నలభై నిమిషాలూ ఆడావు. ఒక్కసారైనా తడబడిందా?"

"లేదు."

"గెలిచావా?"

"గెలిచాను."

"మరింకేంటే నీ బాధ?"

"ఛార్జరుతో కలిపి నాలుగు కిలోలు నాన్నా. సన్నది రెండే."

"నువ్వేమన్నా నెత్తిన పెట్టుకుని ఊరేగుతావా? ఇంట్లో కిటికీ పక్కన పెట్టేస్తాను, అక్కడే పడుంటుంది. కింద గాలి తగిలేలా స్టాండు కూడా చేశాను. రేపు నువ్వు ఇక్కడే ఉండి ఆడితే పక్కనే కూర్చుంటా. కిక్కురుమనను, ఒట్టు."

కూతురు లేచింది. మందందాన్ని ఎత్తి తన బ్యాగులో దూర్చడానికి చూసింది. బ్యాగు అప్పటికే నిండుగా ఉంది. జిప్పు సగం దాకా వచ్చి మొరాయించింది. ఇటుకంత ఛార్జరు ఇంకా బయటే ఉంది.

"అమ్మ కూడా సన్నదే తీసుకోమంది," అంది మెల్లగా.

"మీ అమ్మ బరువు చూసి చెబుతుంది. నేను పని చూసి చెబుతాను. రేపు ఓడిపోతే మీ అమ్మొచ్చి గెలిపిస్తుందా?"

"మళ్ళీ మొదలెట్టకు నాన్నా."

తండ్రి నాలిక్కరుచుకున్నాడు. గోడ గడియారం వైపు చూశాడు. ఐదూ నలభై. లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. అంతలో ఆ వచ్చే ఆయన రానే వచ్చాడు.

"నాది ఏదండీ?"

"ఒక్క ఐదు నిమిషాలాగండి," అంటూ తండ్రి మందందాన్ని రెండు చేతులా తనవైపు లాక్కున్నాడు. కూతుర్ని పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. "నిజం చెప్పు. స్నేహితుల ముందు గొప్ప కోసమా?"

"ఛ! కాదు."

"మరి?"

"మందందాని మీద ఆడుతుంటే రెక్కలొచ్చినట్టుంది నాన్నా, నిజంగా." ఆమె కళ్ళు చెమర్చాయి. "కానీ వద్దు. పద్దెనిమిది నిమిషాల్లో గెలిచేస్తాలే."

"నలభై నిమిషాల ఆట పద్దెనిమిదిలో ఎవరు ముగిస్తారే?"

"నీ మిడత."

అతనికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వెనక్కి తిరిగి మందందాన్ని ఆయన వైపు జరిపాడు. "తీసుకెళ్ళండి. మంచి వస్తువు. ముప్పుతిప్పలు పెట్టదు."

ఆయన వెళ్ళిపోయాడు. అయినా తండ్రి గడియారం వైపు చూడడం మానలేదు. సన్నదాన్ని బోర్లించి స్క్రూలు విప్పాడు. దుమ్ము ఊది, చిప్పు మీద వేడి లాగే పాత పేస్టు గీకేసి కొత్తది పూశాడు. ఒక స్క్రూ చెయ్యి జారి కింద పడితే ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని వెతికారు. అది దొరికాక మూత బిగించి, అడుగున వెనక అంచుకి రెండు సీసా మూతలు అంటించాడు.

"కాస్త ఎత్తుగా ఉంటే గాలి ఆడుతుంది. బొమ్మల నాణ్యత తగ్గించుకో, వేగం నిలబడుతుంది. ఫ్యాన్ కింద కూర్చో. దిండు మీద మాత్రం పెట్టావో, చంపేస్తా."

"పెట్టనులే."

"ఇరవై ఐదు నిమిషాలు లాగుతుంది. ముప్పై లాగినా లాగచ్చు."

"చాలు నాన్నా."

వీధిలో కారు హారన్ రెండుసార్లు మోగింది. సరిగ్గా ఆరు. కూతురు లాప్‌టాప్‌ని బ్యాగులో పెట్టింది. ఈసారి జిప్పు ఒక్క లాగుకే పడింది.

"గెలిచినా ఓడినా ముందు నాకే ఫోన్ చెయ్యి," అన్నాడు తండ్రి, బ్యాగు ఆమె భుజానికి తగిలిస్తూ.

"మ్యాచ్ మొదలవగానే వీడియో కాల్ చేసి పక్కన పెట్టుకుంటాలే. కిక్కురుమనకూడదు మరి, ఒట్టేశావు."

అతను తలూపాడు.

కోర్టు పంపకంలో ఆదివారాలు అమ్మకొచ్చాయి.