అదృష్టవంతుడి తలనొప్పి

"తల నొస్తోందా?" మొదటి బిళ్ళ మింగిన రోజు సాయంత్రం భార్య ఆశగా అడిగింది.

"లేదే" అన్నాడు డ్రైవరు.

బస్సు తోలడం మానేసి చాలా కాలమైనా వీధికి ఆయన డ్రైవరే. రక్తనాళాలు గట్టిపడి, నాలుగడుగులు వేస్తే గుండె పట్టేస్తోంది. ఆమెకీ అదే జబ్బు, కాకపోతే ఇంకా మొదట్లోనే ఉంది. ఆయన దక్కితే చాలునని ఆమె ఆరాటం. నాళాలను వెడల్పు చేసే కొత్త మందును పరీక్షిస్తున్నారంటే ఇద్దరూ పేర్లిచ్చారు. సగంమందికి అసలు మందు, సగంమందికి ఉత్త పిండిబిళ్ళ. ఎవరికేది ఇచ్చారో డాక్టరుకీ తెలియదు.

కానీ ఆసుపత్రి వరండాకి తెలియనిదేముంది? నాళాలు విచ్చుకుంటే తల పగిలిపోతుందట. తలనొప్పి వచ్చిందంటే అసలు మందు పడ్డట్టేనట. "అసలు మందు మింగినా కొందరికి రాదండీ" అని నర్సు మొత్తుకున్నా వినేదెవరు? నొప్పి లేనివాళ్ళే తలలు పట్టుకుని కూర్చున్నారు.

"మరి నీకో?" అడిగాడాయన.

"నాకేం లేదు." లైటార్పేసి గోడవైపు తిరిగి పడుకుంది. పాపం దిగులు పడిందనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం మళ్ళీ అడిగింది. ఈసారి ఆయన కణతలు నొక్కుకున్నాడు. "అబ్బ, పగిలిపోతోందే!"

ఆమె మొహం చాటంతయింది. మొగుడికి తలనొప్పి వస్తే ఇంతగా పొంగిపోయిన ఇల్లాలు లోకంలో ఇంకొకరుండరు. రోజూ మురిపెంగా కణతలకు బామ్ రాసేది. ఆయన మూలిగితే ఆమెకు నిశ్చింతగా నిద్రపట్టేది.

చలికాలం వెళ్ళకముందే ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. పరీక్ష ఆపేశారు. అసలు మందు వేసుకున్నవాళ్ళలో కొందరికి గుండె దెబ్బతింది. బిళ్ళల డబ్బాలు తీసుకుని వెంటనే రమ్మన్నారు.

ఆమె ఉన్నచోటే కూలబడింది. "చేజేతులా మిమ్మల్ని పోగొట్టుకుంటున్నానండీ!"

"ఊరుకోవే పిచ్చిదానా!" ఆయన పకపకా నవ్వాడు. "నాకు ఒక్కరోజు కూడా తల నొయ్యలేదు. నువ్వు సంబరపడతావని నాటకమాడాను. నాకు పడింది పిండిబిళ్ళే. నీకూ నొప్పి లేదుగా? ఇద్దరం బతికిపోయాం, లే!"

ఆమె లేవలేదు.

మొదటి బిళ్ళకే తన తల పగిలిపోతే, మర్నాడు పొద్దున ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, రెండు డబ్బాల్లోని బిళ్ళలూ అటువి ఇటు, ఇటువి అటు మార్చేసింది తనే.