వేడిగాలి

కోడలు హీట్ గన్ స్విచ్ నొక్కింది. ఇల్లంతా చీకటైపోయింది.

"మొదలుపెట్టడం బ్రహ్మాండంగా మొదలుపెట్టావు," అంది అత్తగారు చీకట్లోంచి.

కాసేపటికి మెట్ల మీద టార్చిలైటు వెలుగు కనిపించింది. వచ్చింది కింది వాటా ఆయన. మెడకు మఫ్లరు, ఒంటి మీద స్వెట్టరు, దాని మీద ఇంకో స్వెట్టరు. ఈ మధ్యే దిగాడు. ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడగా చూసినవాళ్ళు లేరు.

మెట్ల మలుపులో ఉన్న పెట్టె తెరిచి ఫ్యూజు సరిచేశాడు.

"పైన ఏం వాడుతున్నారమ్మా?"

"హీట్ గన్ అండీ. వేడిగాలి వస్తుంది, అంతే."

"రోజూ వాడతారా?"

"వంట పనయ్యాక కూర్చుంటాను. పడుకోబోయే దాకా అనుకోండి. ఈ శనివారం వరకే."

ఆయన తల ఊపాడు. ఊపాడో, చలికి అదే ఊగిందో తెలియలేదు. వచ్చినట్టే దిగి వెళ్ళిపోయాడు.

"నవ్వితే పళ్ళు అరిగిపోతాయేమో పాపం," అంది అత్తగారు.

కోడలు పనిచేసే ప్రెస్సు అంతకు ముందే మూతపడింది. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక రబ్బరు స్టాంపులతో కార్డులు చేయడం మొదలుపెట్టింది. పువ్వుల దుకాణమావిడ ఒకటి తిప్పి చూసి, "బొకేల్లో పెట్టుకోవచ్చు. కానీ అక్షరాలు ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉండాలి. శనివారానికి ఇవ్వగలవా? నచ్చితే ప్రతి వారం తీసుకుంటాను," అంది.

కోడలు అలాంటివి ఎన్నడూ చేయలేదు. ఆ మాట చెప్పకుండా సరేనని వచ్చేసింది.

చూడ్డానికి పని తేలికే. త్వరగా ఆరని ఇంకుతో స్టాంపు వేయాలి. ఆ తడి మీద సన్నటి పొడి చల్లాలి. ఎక్కువైన పొడి దులిపేసి వేడిగాలి తగిలిస్తే, పొడి కరిగి అక్షరం లేచి నిలబడుతుంది.

మొదటి కార్డు మాడింది.

"కార్డు చేయమంటే బొగ్గు చేశావేమే," అంది అత్తగారు.

తరవాతి దానికి పొడి అక్షరాలను వదిలేసి కార్డంతా పాకింది. ఇంకోదానికి లేచిన అక్షరాలు, వేడి ఎక్కువై మళ్ళీ అణిగిపోయాయి.

మర్నాడు అత్తగారు కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"చేతి చెమటే నీ కొంప ముంచుతోంది, పొడి దానికే అంటుకుంటోంది. అంచులు పట్టుకో. గన్ను కాస్త ఎడంగా పెట్టు. ఎవరో తరుముతున్నట్టు చేయకు."

ఈసారి కోడలు ఊపిరి బిగబట్టింది. కాసేపు ఏమీ కాలేదు. ఉన్నట్టుండి గరుకు పొడి కరిగి నిగనిగలాడింది. ఆ మెరుపు ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి నడుచుకుంటూ పోయింది. చివరి అక్షరం మెరవగానే గన్ను పక్కకి తీసేసింది.

చల్లారేదాకా ఆగి అత్తగారు వేలితో తడిమింది.

"లేచిందే," అంది. నమ్మకం కుదరక మళ్ళీ తడిమింది.

ఆ రోజు నుంచి ఇద్దరికీ కార్డులే లోకమయ్యాయి. అత్తగారు పొడి చల్లడం, కోడలు వేడి పెట్టడం. ఫ్యూజు మళ్ళీ పోలేదు.

పాడైన కార్డులు పారేయడానికి కిందికి దిగిన ప్రతిసారీ కింది వాటా ఆయన వీధిలో పచార్లు చేస్తూ ఎదురయ్యేవాడు.

"అయిపోయిందామ్మా?"

"ఇంకా లేదండీ."

మళ్ళీ నడక.

"మన మీద కాపలా పెట్టినట్టుంది అత్తయ్యా. చప్పుడు గిట్టదేమో. ఇల్లుగలావిడకి చాడీలు మోసేస్తాడు చూడండి."

శుక్రవారం ఆయన అదే మాట అడిగేసరికి కోడలికి చిర్రెత్తుకొచ్చింది.

"మీకేం ఇబ్బందండీ? రేపటితో మీకు నా గోల ఉండదు."

"అబ్బే, ఇబ్బందేం లేదమ్మా. నిదానంగా కానీ," అని ఆయన చేతులు చంకల్లో దోపుకుని వీధి చివరికి నడిచాడు.

శనివారం అత్తాకోడళ్ళిద్దరూ కలిసే దుకాణానికి వెళ్ళారు. పువ్వులావిడ అక్షరాల మీద బొటనవేలు పోనిచ్చింది. అన్నీ లోపల పెట్టుకుని, "వచ్చే వారం ఇంకాసిని ఎక్కువ తీసుకురా," అంది.

తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళ కాళ్ళు నేల మీద లేవు. ఇంటికొచ్చేసరికి కింది వాటాకి తాళం వేసి ఉంది. కిటికీ తెరలు కూడా లేవు.

"ఖాళీ చేసినట్టున్నాడు," అంది అత్తగారు.

"పోనీలెండి, కాపలా తప్పింది," అంది కోడలు తేలిగ్గా.

ఆదివారం పొద్దున్నే ఎలక్ట్రీషియన్ వైరు చుట్ట భుజాన వేసుకుని పైకొచ్చాడు.

"మీ వాటాకి వేరే లైను లాగాలమ్మా."

"ఇల్లుగలావిడ పంపిందా?"

"ఆవిడని ఒప్పించింది కిందాయన. తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతూ, పైనమ్మాయి పని ఆగకూడదు, ముందు అది చూడు అని చెప్పి వెళ్ళారు."

కోడలు తెల్లబోయింది.

"మా పనితో ఆయనకేం సంబంధం?"

ఎలక్ట్రీషియన్ మెట్ల మలుపు దాకా దిగి ఫ్యూజు పెట్టె మూత ఊడదీశాడు.

"రెండు వాటాలకీ ఇదొక్కటే లైను. మీ గన్నూ, ఆయన గది హీటరూ ఒక్కసారి వేస్తే ఇది తట్టుకోదు. కీళ్ళనొప్పుల మనిషి, వేడి లేకపోతే వేళ్ళు కూడా ముడుచుకోవు. మొన్నొక సాయంత్రం ఇటుగా పోతూ, ఇంత చలిలో బయట తిరుగుతున్నారేంటండీ అని నేనే అడిగాను."

"ఏమన్నారు?"

"నడుస్తుంటే ఒంట్లో వేడి అదే పుడుతుందిలే, పైనమ్మాయి గన్ను ఆపాక హీటరు వేసుకుంటాను అన్నారు."