ఫ్రిజ్‌లో ఎర

పాలగిన్నె పక్కనున్న డబ్బా మూత తీశాను. జిగటగా, మెలికలు తిరుగుతూ వానపాములు!

"ఛీ ఛీ! ఫ్రిజ్‌లో ఇవేంటండీ?" చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"చల్లగా ఉంచకపోతే చస్తాయట. చేపలు పట్టడం నేర్చుకుంటున్నా," అన్నారు మా వారు, గుమ్మం దాటకుండానే.

"పెళ్ళయి నెల కాలేదు. ఇదా మీ సరదా?"

"సరదా నా మొహం! చూస్తేనే డోకొస్తోంది. గాలానికి ఒక్కటీ గుచ్చలేకపోయాను."

"మరెందుకీ తంటా?"

"పెళ్ళయ్యాక మీ నాన్న నాతో మాట్లాడలేదుగా. ఆదివారం చెరువుగట్టున గాలం వేస్తారు. పక్కన కూర్చుంటే ఒక్క మాటైనా అనరా అని."

నవ్వాగలేదు. ముక్కు మూసుకుని ఒకదాన్ని పట్టుకున్నాను. యాక్!

"గాలం ఇటివ్వండి. చిన్నప్పుడు నాకూ ఇంతే అసహ్యం. అయినా నాన్న పక్కన చోటు కోసం గుచ్చిపెట్టేదాన్ని. కళ్ళు తెరిచి చూడండి."